జింకల వేటకు రైఫిల్ బుల్లెట్ల ఎంపిక: ఎల్లారెడ్డి అడవి నుంచి ఆఫ్రికా మైదానం దాకా

రైఫిల్ వేటలో జంతువును తాకేది బుల్లెట్ ఒక్కటే. తుపాకీ ఎంత ఖరీదుదైనా, పైన బిగించిన టెలిస్కోపు ఎంత మంచిదైనా, ఆ పది పన్నెండు గ్రాముల లోహం చర్మం దాటాక ఏం చేస్తుందన్నదే అసలు సంగతి. జంతువు పది అంగల్లో కూలిపోతుందా, గాయంతో పొదల్లో పడి రెండు రోజులు కొట్టుకుంటుందా అన్నది అక్కడే తేలుతుంది. దుప్పి, కణుజు వంటి జింకజాతి జంతువులకూ, ఆఫ్రికాలో మైదానపు వేట జంతువులుగా లెక్కించే కుడూ, ఇంపాలా, వైల్డ్‌బీస్ట్, జీబ్రా వంటివాటికీ ఎలాంటి బుల్లెట్ సరిపోతుందన్న వాదం నూట యాభై ఏళ్ళుగా నడుస్తోంది. ఆ వాదంలో దక్కన్‌కూ, బెంగాల్‌లోని ఒక తూటాల ఫ్యాక్టరీకీ, నిజాం కాలం నాటి శికార్‌గాహ్‌లకూ (వేట స్థలాలకూ) చోటుంది. వాటిలో కామారెడ్డి, ఎల్లారెడ్డి, మెదక్ నడుమనున్న పోచారం అడవి ఒకటి.

ఒక మాట ముందే చెప్పాలి. భారతదేశంలో నేడు జింకల వేట నేరం. పోచారం అడవి జంతువుల గురించి ఇక్కడ రాసినది చరిత్రగానూ, జీవశాస్త్రంగానూ చదువుకోవాలి. ఈ ప్రాంతంలో రైఫిల్ బుల్లెట్ ఎంపిక ఆచరణలో ఇంకా మిగిలి ఉన్నది ఒకే ఒక్క చోట, అనుమతితో జరిగే అడవి పందుల నియంత్రణలో. దాని సంగతి చివర్లో వస్తుంది.

అడవి, జంతువులు

కామారెడ్డి 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా అయింది. ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజన్. ఆలేరు వాగు మీద 1916 - 1922 మధ్య కట్టిన పోచారం చెరువు నాగిరెడ్డిపేట మండలంలో ఉంది. దాని చుట్టూ ఉన్న అడవి నిజాంల వేట స్థలం. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్, చుట్టూ మక్క, చెరకు, వరి పొలాలు. టేకు, తునికి, మోదుగ, చండ్ర ఎక్కువగా ఉండే ఎండు ఆకురాల్చు అడవి ఇది. ఎండాకాలం ఆకు రాలాక వంద మీటర్ల దాకా చూపు సాగుతుంది. వానలు పడి పొదలు కమ్ముకుంటే ముప్పై మీటర్లు కూడా కనబడదు.

ఇక్కడి గిట్టల జంతువులను బరువు ప్రకారం చూస్తే బుల్లెట్ల చర్చ సగం అర్థమవుతుంది. నాలుగు కొమ్ముల కొండగొర్రె ఇరవై కిలోలు. చింకారా కూడా ఇంచుమించు అంతే. కృష్ణ జింక మగది ముప్పై అయిదు, నలభై. చుక్కల దుప్పి పోతు డెబ్భై నుంచి తొంభై. ఆపై ఒక్కసారిగా గెంతు. కణుజు పోతు రెండు వందల కిలోలు దాటుతుంది, బాగా ఎదిగినది మూడు వందలకు చేరుతుంది. మనుబోతు మగది రెండు వందల పైమాటే. ఇరవై కిలోల చింకారాకూ, పదింతల బరువున్న మనుబోతుకూ ఒకే బుల్లెట్ పనిచేస్తుందనుకోవడంలోనే పొరపాటు మొదలవుతుంది. దుప్పి, కణుజు ఏటా కొమ్ములు రాల్చే నిజమైన జింకలు. మనుబోతు, కృష్ణ జింక, చింకారా, కొండగొర్రె కొమ్ములు రాల్చని వేరే కుటుంబానివి. ఆఫ్రికా కుడూ, ఇంపాలా ఈ రెండో కుటుంబంవే. అందుకే మనుబోతును కాల్చిన అనుభవం కుడూకు పనికొచ్చినంతగా దుప్పిని కాల్చిన అనుభవం పనికిరాదు.

బుల్లెట్ ఏం చేయాలి

తూటా అంటే ఇత్తడి గొట్టం, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన బుల్లెట్. గొట్టం తుపాకీలోనే మిగిలిపోతుంది. ఎగిరి వెళ్ళేది బుల్లెట్. సాధారణ వేట బుల్లెట్‌కు లోపల సీసపు గుజ్జు, పైన రాగి, జింకు మిశ్రమంతో చేసిన పలచటి తొడుగు. సీసం గట్టిపడాలని కొద్దిగా యాంటిమొనీ కలుపుతారు. బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు కాబట్టి 180 గ్రెయిన్ల బుల్లెట్ పదకొండున్నర గ్రాముల పైచిలుకు తూగుతుంది.

దీనికి అప్పజెప్పే పనులు రెండు, అవి ఒకదానికొకటి అడ్డం వచ్చేవి. ఒకటి, లోతుగా దూసుకుపోవాలి. రెండు, వెళుతూ విచ్చుకుని వెడల్పాటి గాయం చేయాలి. విచ్చుకున్నకొద్దీ రాపిడి పెరిగి లోతు తగ్గుతుంది. విచ్చుకోకుండా లోతుకు పోయినది సన్నటి రంధ్రం చేసి అవతలికి వెళ్ళిపోతుంది. ఏ జంతువుకు ఏ పాళ్ళలో ఈ రెండూ కావాలన్నదే ఎంపిక.

యాభై మీటర్ల నుంచి పక్కవాటుగా నిలబడ్డ దుప్పి పోతును మెత్తని ముక్కు బుల్లెట్ తాకినప్పుడు ఏమవుతుందో దగ్గర నుంచి చూద్దాం. ముందు కాలి వెనక చర్మం, దాని కింద పలచటి కండ, పక్కటెముక. సీసం బయటికి కనబడే ఆ ముక్కు వీటిని తాకగానే వెనక్కి ముడుచుకుంటుంది. రాగి తొడుగు అంచు దగ్గర చీలి రేకలుగా వంగుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల లోపు ఉన్న ముఖం కొన్ని సెంటీమీటర్లలోనే పదమూడు, పద్నాలుగు మిల్లీమీటర్లకు పెరుగుతుంది. పుట్టగొడుగు ఆకారానికొచ్చిన ఆ లోహం రెండు ఊపిరితిత్తులనూ చీల్చుకుంటూ అవతలి పక్క నుంచి బయటపడుతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు. గుండెకూ ఊపిరితిత్తులకూ దెబ్బ తగిలిన దుప్పి ఎత్తుగా ఒక గంతు వేసి, కొన్ని పదుల మీటర్లు పరుగెత్తి పడిపోతుంది. రక్తపోటు పడిపోయి మెదడుకు రక్తం అందకపోవడమే చావుకు కారణం. బుల్లెట్ తోపుకు జంతువు ఎగిరి పడడం సినిమాల్లో జరిగేదే. అదే చోట పూర్తి తొడుగున్న సైనిక బుల్లెట్ తగిలితే పెన్సిల్ పట్టేంత రంధ్రం పడుతుంది. దుప్పి చాలా దూరం పోయి ఎక్కడో చస్తుంది, దొరకకపోవచ్చు.

డమ్‌డమ్ నుంచి మొదలు

నల్లమందు రోజుల్లో సీసపు గుండ్లే బుల్లెట్లు. వేగం తక్కువ కాబట్టి బరువుతో పని జరిపించేవారు. 1850ల తర్వాత ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళు వచ్చాయి. తేలికపాటి బుల్లెట్‌కు ముక్కులో గుంట పెట్టి వేగంగా పంపడం వాటి పద్ధతి. కృష్ణ జింక మీద అవి బ్రహ్మాండంగా పనిచేశాయి. కణుజు భుజం మీద మాత్రం చర్మం కిందే చితికిపోయి పైపై గాయం చేసి ఊరుకున్నాయి. బ్రిటిష్ వేటగాడు శామ్యూల్ బేకర్ 1890లో అచ్చయిన తన పుస్తకంలో ఈ గుంట బుల్లెట్లను దుయ్యబట్టి, పులికైనా కణుజుకైనా బరువైన మెత్తటి ముద్ద సీసమే మేలని వాదించాడు. నేటి వేటగాళ్ళు పాలిమర్ ముక్కు బుల్లెట్ల మీద చేసే ఫిర్యాదు అక్షరాలా ఇదే. లోహాలు మారాయి గాని తగవు మారలేదు.

1880లలో రెండు మార్పులు కలిసివచ్చాయి. స్విట్జర్లాండ్‌లో ఎడువార్డ్ రూబిన్ రాగి తొడుగు బుల్లెట్ చేశాడు. ఫ్రాన్సులో పొగలేని మందు పుట్టింది. వేగం అమాంతం పెరిగింది. ఆ వేగానికి వట్టి సీసం తుపాకీ గొట్టంలోనే కరిగి అంటుకుంటుంది కాబట్టి తొడుగు తప్పనిసరయింది. బ్రిటిష్ సైన్యం .303 రైఫిల్‌కు పూర్తి తొడుగు బుల్లెట్ ఇచ్చింది. 1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ దండయాత్రలో అది మనుషులను ఆపలేకపోతోందన్న ఫిర్యాదులు రాగా, కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో కెప్టెన్ నెవిల్ బెర్టీ క్లే ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసం బయటికి కనబడే బుల్లెట్ తయారుచేశాడు. దాని గాయాలు చూసి యూరప్‌లో అల్లరి రేగింది. 1899 హేగ్ సమావేశం విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడరాదని ప్రకటించింది.

యుద్ధంలో నిషిద్ధమైన ఆ నిర్మాణమే వేటలో నియమమయింది. మనిషి గాయపడి యుద్ధం నుంచి తప్పుకుంటే చాలునన్నది ఒక లెక్క. జంతువు బాధ లేకుండా వెంటనే చావాలన్నది మరో లెక్క. అనేక దేశాల్లో జింకలను విచ్చుకునే బుల్లెట్‌తోనే కాల్చాలని చట్టాలున్నాయి.

ఆ దశాబ్దాల్లో హైదరాబాద్ రాజ్యం వేటకు పేరుమోసింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులుల వేటగాడిగా పేరు. లాలా దీన్ దయాళ్ ఆ వేట బృందాలను ఫోటోలు తీశాడు. హైదరాబాద్ కంటింజెంట్ పటాలంలో పనిచేసిన ఆర్.జి. బర్టన్ 1928లో దక్కన్ వేట, వన్యప్రాణుల మీద పుస్తకమే రాశాడు. వేట ఎక్కువగా హాకా పద్ధతిలో సాగేది. ఊళ్ళ జనం డప్పులతో ఒక పక్క నుంచి అడవిని తోలుకొస్తే, మంచెల మీద కూర్చున్నవాళ్ళు ముప్పై, నలభై మీటర్లలో కాల్చేవారు. ఈ దూరంలో బుల్లెట్ గాలిని ఎంత చక్కగా కోస్తుందన్న ప్రశ్నే రాదు. వేగం ఏమాత్రం తగ్గకుండానే తాకుతుంది కాబట్టి పలచటి తొడుగైతే పగిలి చెల్లాచెదురవుతుంది. బరువైన గుండ్రటి ముక్కు బుల్లెట్లకు మన అడవుల్లో అంత ఆదరణ దొరకడానికి కారణం ఇదే.

ఇంకో కారణం ప్రభుత్వం. తిరుగుబాటుదారుల చేతికి సైనిక తూటాలు పడతాయన్న భయంతో 1900ల తొలి దశాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకీ, సూడాన్‌లోకీ .450 క్యాలిబర్ (గొట్టపు కొలత) దిగుమతులను నిషేధించింది. లండన్ తుపాకీల దుకాణాలు ఆ దెబ్బకు .465, .470, .475 వంటి కొత్త కొలతలు పుట్టించాయి. తర్వాత ఆఫ్రికా ఏనుగుల వేటలో పేరు తెచ్చుకున్న .470 నైట్రో ఎక్స్‌ప్రెస్‌కు మూలం ఇండియా ఆయుధ చట్టాల్లో ఉందన్నమాట.

రకాలు

దుకాణంలో కనబడే వేట బుల్లెట్ల పేర్లు వందల్లో ఉంటాయి. లోపలి నిర్మాణం చూస్తే నాలుగైదు కుటుంబాలే.

పాతదీ చవకదీ సీసపు గుజ్జు, రాగి తొడుగు, మెత్తని ముక్కు ఉన్న మామూలు బుల్లెట్. మధ్యస్థ వేగానికి, వంద కిలోల లోపు జంతువుకు దీన్ని మించినది అక్కర్లేదు. వేగం బాగా పెరిగినా, పెద్ద ఎముక తగిలినా తొడుగూ సీసమూ విడిపోవచ్చు. గుంట ముక్కు, పాలిమర్ ముక్కు దీని రూపాంతరాలే. ప్లాస్టిక్ కొన గాలిని బాగా కోస్తుంది, తాకగానే లోపలికి దిగి చీలికను మొదలెడుతుంది. దూరాన ఉన్న, చింకారా పరిమాణపు జంతువుకు ఇది అనుకూలం. దగ్గర్లోని రెండు వందల కిలోల జంతువు భుజానికి చాలా రకాలు పనికిరావు.

రెండో కుటుంబం కథ 1946లో మొదలైంది. జాన్ నోస్లర్ అనే అమెరికన్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ వేటకు వెళ్ళాడు. ఆయనది .300 హాలండ్ అండ్ హాలండ్, ఆ కాలానికి మహావేగం. ఎండిన బురద అంటుకున్న మూస్ భుజం మీద బుల్లెట్లు పగిలిపోయాయి గాని లోపలికి దిగలేదు. ఆయన ఇంటికెళ్ళి బుల్లెట్ నడుమ రాగితోనే ఒక అడ్డుగోడ పెట్టాడు. ముందు గదిలోని సీసం విచ్చుకుని అరిగినా వెనక గది చెక్కుచెదరకుండా ముందుకు తోస్తుంది. 1948లో కంపెనీ పెట్టాడు. నోస్లర్ పార్టిషన్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. జర్మన్లు అంతకు ముందే ఇదే పోలికలో హెచ్ తొడుగు బుల్లెట్ చేశారు. పేరు మాత్రం నోస్లర్‌కు దక్కింది.

మూడోది సీసాన్ని తొడుగుకు అతికించిన బంధిత బుల్లెట్. స్విఫ్ట్ ఏ ఫ్రేమ్ ఈ అతుకునూ, అడ్డుగోడనూ రెంటినీ కలుపుకుంది. ఆఫ్రికాలో దానికి మంచి పేరు. నాలుగోది సీసమే లేని ముద్ద రాగి. 1989లో బార్న్స్ ఎక్స్ బుల్లెట్ దీన్ని జనంలోకి తెచ్చింది. ముక్కులోని గుంట నాలుగు రేకలుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు పూర్తిగా నిలుస్తుంది. సీసం కంటే రాగి తేలిక గనుక అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది, కాబట్టి ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోవడం వాడుక. సీసపు 180 గ్రెయిన్ల చోట రాగి 165 పెట్టుకుంటారు. వేగం బాగా తగ్గిన దూరాల్లో రాగి సరిగా విచ్చుకోదు, దాని లోపం అదే.

చివరిది విచ్చుకోని పూర్తి తొడుగు బుల్లెట్. ఏనుగు తల ఎముక వంటి వాటికి తప్ప దీనికి వేటలో చోటు లేదు. ఏనుగుల వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ .275 రిగ్బీ వంటి చిన్న తూటాతో వందల ఏనుగులను కూల్చింది ఈ రకంతోనే. ఆయనకు ఏనుగు మెదడు ఎక్కడుంటుందో చేతివేళ్ళ మీద తెలుసు. ఆ నైపుణ్యం లేనివాళ్ళు ఆయన ఉదాహరణ ఎత్తడం వేట సాహిత్యంలో పాత జబ్బు.

బరువు, వేగం, దూరం

.30-06 తూటానే తీసుకుందాం. 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 885 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 180 గ్రెయిన్లది 820 మీటర్లతో. రెంటి శక్తీ 3,800, 3,900 జూళ్ళ దగ్గర ఇంచుమించు సమానం. శక్తి లెక్క చూసి ఎంచుకుంటే తేడా కనబడదు. కనబడేది మరో కొలతలో. పౌండ్లలో బుల్లెట్ బరువును అంగుళాల్లో దాని వ్యాసపు వర్గంతో భాగిస్తే వచ్చే అడ్డుకోత సాంద్రత 150కి 0.226, 180కి 0.271. ఒకే నిర్మాణమున్న రెండు బుల్లెట్లలో ఈ అంకె పెద్దదైనది లోతుగా వెళుతుంది. దుప్పికి మొదటిది చాలు. కణుజుకూ, మనుబోతుకూ, కుడూకూ రెండోది.

ఈ లెక్క నిర్మాణం సమానంగా ఉన్నప్పుడే చెల్లుతుంది. గట్టి నిర్మాణమున్న 150, మెత్తటి 180 కంటే లోతుకు పోవచ్చు. తుపాకీ ప్రియులు క్యాలిబర్ల మీద చేసే పోట్లాటల్లో చాలావరకు ఈ ఒక్క విషయం గుర్తుంటే అవసరమే పడవు.

దూరం వల్ల వేగం పడిపోతుంది. మామూలు మెత్తని ముక్కు బుల్లెట్ సరిగా విచ్చుకోవాలంటే తాకే క్షణాన సెకనుకు 550 మీటర్లయినా ఉండాలన్నది స్థూలమైన లెక్క. కంపెనీలు ప్రతి బుల్లెట్‌కూ ఈ కనీస వేగాన్ని ప్రకటిస్తాయి. పెట్టె మీది వేగం చూసి మురిసేవాళ్ళు దాన్ని చదవరు. నల్లరేగడి బయల్లో రెండు వందల మీటర్ల దూరాన నిలబడ్డ కృష్ణ జింకకూ, పోచారం వెదురు పొదల్లో ముప్పై మీటర్ల దూరాన కదిలే కణుజుకూ ఒకే పెట్టెలోని తూటా వాడితే రెండు చోట్లా అదే ఫలితం రాదు. బరువైన బుల్లెట్ రెమ్మలను నరుక్కుంటూ దారి తప్పకుండా పోతుందని పాత వేటగాళ్ళలో ఒక నమ్మకం ఉండేది. పరీక్షల్లో అది నిలవలేదు. కొమ్మ తగిలితే ఏ బుల్లెటైనా దారి తప్పుతుంది.

ఆఫ్రికా మైదానం

దక్షిణాఫ్రికా, నమీబియా వేట క్షేత్రాలకు వెళ్ళేవాళ్ళు ఒకే యాత్రలో ఎన్నో పరిమాణాలను ఎదుర్కొంటారు. ముప్పై, నలభై కిలోల స్ప్రింగ్‌బక్, అరవై కిలోల ఇంపాలా, రెండు వందలు దాటే కుడూ, గెమ్స్‌బక్, రెండు వందల యాభై కిలోల నీలి వైల్డ్‌బీస్ట్, మూడు వందల కిలోల జీబ్రా, ఏడు వందలకు చేరే ఈలాండ్. ప్రతి దానికీ వేరే తుపాకీ మోసుకుపోలేరు కాబట్టి పెద్దదానికి సరిపోయే గట్టి బుల్లెట్ తీసుకుని చిన్నదానికీ అదే వాడతారు. స్ప్రింగ్‌బక్ మీద గట్టి బుల్లెట్ పెద్దగా విచ్చుకోకుండా అవతలికి పోయినా, అంత చిన్న శరీరానికి ఆ గాయమే ఎక్కువ. ఈలాండ్ మీద మెత్తటిది వాడడమే తప్పవుతుంది. .30-06 లేదా .300 క్యాలిబర్లలో 180 గ్రెయిన్ల బంధిత లేదా అడ్డుగోడ బుల్లెట్ చాలాకాలంగా అక్కడి మధ్యేమార్గం. సింహం, దున్న ఉండే చోట 1912 నాటి .375 హాలండ్ అండ్ హాలండ్, 300 గ్రెయిన్లతో. ప్రమాదకర జంతువులకు .375 కంటే తక్కువ క్యాలిబర్‌ను ఒప్పుకోని ఆఫ్రికా దేశాలు కొన్ని ఉన్నాయి.

ఆఫ్రికా జంతువులకు ప్రాణం గట్టిదన్న మాట తరచు వినబడుతుంది. వైల్డ్‌బీస్ట్‌కు అక్కడ పేదవాడి దున్న అని పేరు. దీనికి శరీర నిర్మాణంలో కారణముంది. అమెరికా జింకను ముందు కాలికి కాస్త వెనక కాల్చడం అలవాటైనవాళ్ళు అక్కడా అలాగే కాలుస్తారు. ఆఫ్రికా జంతువులకు గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకీ కిందికీ, సరిగ్గా ముందు కాలి గీతలోనే ఉంటాయి. అలవాటు చోట కొడితే కాలేయానికో పొట్టకో తగులుతుంది. ముందు కాలి గీతలో కొట్టాలంటే బుల్లెట్ భుజపు కండ, ఎముక దాటాలి. బుల్లెట్ గట్టిదవ్వాలన్న సలహా వెనక ఉన్నది ఈ చోటు మార్పే. పైగా దక్షిణాఫ్రికాలో గాయపడి దొరకకుండా పోయిన జంతువుకు కూడా పూర్తి రుసుము కట్టాలన్నది సాధారణ ఒప్పందం. మెత్తటి చవక బుల్లెట్ అక్కడ చాలా ఖరీదు పడుతుంది.

టెక్సస్‌లో మన జంతువులు

కామారెడ్డి అడవిలో ఉండే దుప్పి, మనుబోతు, కృష్ణ జింకలను చట్టబద్ధంగా వేటాడే చోటు టెక్సస్. దుప్పిని 1932లో అక్కడికి తెచ్చారు. దక్షిణ టెక్సస్‌లోని కింగ్ రాంచ్ 1920ల నుంచి మనుబోతులను వదిలింది. అవి పెరిగి తీరప్రాంతపు మైదానాల్లో పాతుకుపోయాయి. పరదేశపు జంతువులు గనుక రాష్ట్ర నియమాల్లో వాటికి వేట కాలం, సంఖ్యా పరిమితి లేవు. వేట లైసెన్సూ, భూమి యజమాని అనుమతీ ఉంటే చాలు. డల్లాస్, హ్యూస్టన్‌లలో వేలాదిగా ఉన్న తెలుగువాళ్ళకు ఈ సంగతి తెలిస్తే ఆశ్చర్యంగానే ఉంటుంది.

మన జంతువు మీద ఆధునిక బుల్లెట్ల అనుభవం ఎక్కువగా పోగయింది అక్కడే. టెక్సస్ దుప్పిని తెల్లతోక జింకలాగే మామూలు మెత్తని ముక్కు బుల్లెట్‌తో కాలుస్తారు. మనుబోతు దగ్గర లెక్క మారిపోతుంది. మెడ, భుజాల మీద మందమైన చర్మం, వాలుగా దిగే వీపు, ముందుకు జరిగిన గుండె. గాయం చుట్టూ చర్మం ముడుచుకుని నెత్తురు జాడ సరిగా వదలదు. అందుకే .300 స్థాయి తూటాలో 180 నుంచి 200 గ్రెయిన్ల బంధిత లేదా రాగి బుల్లెట్లను అక్కడ ఎంచుకుంటారు. ఆఫ్రికా వెళ్ళే ముందు మనుబోతు మీద చేయి తిప్పుకోవడం అక్కడి వేటగాళ్ళలో వాడుకే.

మన దగ్గరి తుపాకులు

ఇండియాలో పౌరుల చేతిలో ఉండే పెద్ద రైఫిల్ అంటే చాలాకాలంగా .315. ఆస్ట్రియా వారి 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా దీనికి మూలం. .303 సైనిక క్యాలిబర్ కావడంతో పౌరులకు దాని బదులు దీన్ని ఇచ్చారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. తూటా అడుగున అంచు, పైన సీసా మెడలాంటి నొక్కు, దాని మూతిలో మొద్దు ముక్కుతో 244 గ్రెయిన్ల బుల్లెట్, కొసన నల్లగా సీసం. వేగం సెకనుకు 600 మీటర్లకు కాస్త పైన. దూరానికి పనికిరాదు, రెండు వందల మీటర్లు దాటితే బాగా కిందికి పడిపోతుంది. వంద మీటర్లలోపు అడవిలో మాత్రం బేకర్ కోరుకున్న గుణాలన్నీ దీనిలో ఉన్నాయి. బరువు, మందగమనం, మెత్తదనం. దీన్ని పాతకాలపు వస్తువని తీసిపారేసేవాళ్ళు ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోరు. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో పులిని వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ వాడిన .405 వించెస్టర్ కూడా ఈ కోవలోదే.

మిగతావి ఎక్కువగా పన్నెండు బోరు తుపాకులే. వీటికి ఎల్‌జీ, ఎస్‌జీ అనే పెద్ద రవ్వల తూటాలు దొరుకుతాయి. ముప్పై మీటర్లు దాటాక రవ్వలు చెదిరి జంతువుకు ఒకటో రెండో తగులుతాయి, అది చావదు. 1959 ఆయుధ చట్టం పంట రక్షణకు మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి వీలు కల్పించింది. లైసెన్సు లేని నాటు తుపాకీలో ఇనుప ముక్కలు, సైకిల్ బేరింగు గుండ్లు కూరి కాల్చడం వేరే సంగతి. దానివల్ల చచ్చే జంతువుల కంటే కుంటివై తిరిగేవి ఎక్కువ.

సీసం ముక్కలు

మెత్తని సీసపు బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనబడనంత చిన్న ముక్కలను గాయం చుట్టూ చల్లుతుంది. ఎక్స్‌రేలో అవి మంచు చల్లినట్టు కనబడతాయి. మాంసం తిన్న మనుషులకూ, పారేసిన పేగులు తిన్న రాబందులకూ సీసం చేరుతుంది. అంతరించే స్థితికొచ్చిన కాండర్ పక్షుల కోసం కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా మానిపించింది. డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుంచి రైఫిల్ బుల్లెట్లలోనూ సీసాన్ని నిషేధించింది. సీసం నిషేధమున్న చోట్ల రాగి బుల్లెట్లే మామూలవుతాయి. వేగం బాగా తగ్గిన దూరాలను మినహాయిస్తే పనితనంలో అవి వెనకబడి లేవు, ధరే ఎక్కువ.

చట్టం, మక్క చేను

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు మీద జరిగే వేట కూడా ముగిసింది. 2022 సవరణ ఆరు షెడ్యూళ్ళను నాలుగుకు కుదించింది, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కృష్ణ జింక, చింకారా, కొండగొర్రె మొదటి షెడ్యూల్లోవి. వాటిని చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. దుప్పిని చంపినా జైలు శిక్ష పడవచ్చు.

మిగిలిన దారి 11వ సెక్షన్. మనుషులకో పంటకో హాని చేస్తున్న రెండో షెడ్యూలు జంతువును, కారణాలు రాతలో నమోదు చేసి, చంపేందుకు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతించవచ్చు. ఆచరణలో ఇది వర్తించేది ఎక్కువగా అడవి పందికే. మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక్క రాత్రిలో పందుల గుంపు ఎకరం చేను తొక్కేస్తుందని నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం కూడా నేరమే. ఆ తీగకు పందులతోపాటు పొద్దున్నే నీళ్ళు పెట్టడానికొచ్చిన మనుషులూ పోతున్నారు.

అడవి పంది మగదానికి భుజాల మీద చర్మం కింద మందపాటి గట్టి కణజాలపు కవచం ఉంటుంది. వంద కిలోల జంతువే అయినా రెండు వందల కిలోల జంతువుకు తగిన బుల్లెట్ అడుగుతుంది. పలచటి తొడుగుది ఆ కవచంలోనే ఆగిపోతుంది, గాయపడ్డ పంది మనిషి మీదికి తిరుగుతుంది. పూర్తి తొడుగుదైతే పందిని దాటి పక్క చేనులోకి పోతుంది. రైఫిల్ బుల్లెట్ అడ్డులేకుండా ఎగిరితే మూడు కిలోమీటర్లు దాటుతుంది, కామారెడ్డి జిల్లాలో ఊళ్ళకూ తండాలకూ మధ్య చాలాచోట్ల అంత ఖాళీ లేదు. అందుకే మంచె మీద నుంచి కిందికే కాల్చాలి, యాభై అరవై మీటర్లు దాటించకూడదు, వెనక మట్టి గట్టు ఉండాలి. ఈ దూరానికి, ఈ జంతువుకు .315లోని 244 గ్రెయిన్ల మెత్తని ముక్కు బుల్లెట్ సరిపోతుంది. పూర్తి తొడుగు తూటానూ, ఎస్‌జీ రవ్వలనూ ఈ పనికి వాడకూడదు. అనుమతి పత్రం చేతికి రాకముందు ఏ తూటా కూడా వాడకూడదు.